మిద్దెతోటకు నీటి టైమర్: బెంగళూరు ఇంట్లో ఏది పెట్టుకోవాలి?

"ఏ టైమర్ మంచిది?" అని ఎవరడిగినా నేను ముందు అడిగేది ఒకటే. మీ మొక్కలకు నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయి? మిద్దె మీద ట్యాంకు నుంచా, సంపులోంచి మోటారు మీదా, ప్రెషర్ పంపు లైన్లోంచా? దీనికి జవాబు తెలియకుండా ఆన్‌లైన్లో స్టార్లు చూసి కొన్న టైమర్లే చాలా ఇళ్ళలో పని చేయకుండా మూలన పడి ఉన్నాయి. మారతహళ్ళి అపార్ట్‌మెంట్ బాల్కనీలో చక్కగా పనిచేసే టైమర్ కె.ఆర్.పురంలో సొంత ఇంటి మిద్దె మీద నీళ్ళే వదలకపోవచ్చు. అలాగని టైమర్‌ను తప్పుపట్టలేం. రెండు చోట్లా నీటి ఒత్తిడి వేరు.

అందుకే రకాల జోలికి వెళ్ళే ముందు మీ ఇంట్లో చూసుకోవాల్సినవి చెబుతాను.

ముందు చూసుకోవాల్సినవి

మొదటిది ప్రెషర్. నీళ్ళు 33 అడుగుల ఎత్తు నుంచి దిగితే సుమారు 1 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) ఒత్తిడి వస్తుంది. ట్యాంకులో నీటి మట్టానికీ మీ కుళాయికీ మధ్య ఎన్ని అడుగులుందో కొలిచి 33తో భాగించండి, ఒత్తిడి ఎంతో తెలిసిపోతుంది. మూడంతస్తుల ఇంట్లో కింద పెరటి కుళాయికి దాదాపు 1 బార్ వస్తుంది. అదే ట్యాంకు పక్కన మిద్దె మీదున్న కుళాయికి ఎత్తు ఐదారు అడుగులే కాబట్టి 0.2 బార్ కూడా రాదు. పచ్చికలోంచి పైకి లేచి నీళ్ళు చిమ్మే పాప్-అప్ స్ప్రింక్లర్‌కు దాదాపు 2 బార్ కావాలి, మొక్క మొదట్లో చుక్కచుక్కగా నీళ్ళు వదిలే డ్రిప్పర్లకు సాధారణంగా 1 బార్. అంటే మిద్దె మీద ట్యాంకు నీళ్ళతోనే స్ప్రింక్లర్ తిరగాలంటే కుదరదు. పంపు పెట్టాలి, లేదంటే డ్రిప్‌తో సరిపెట్టుకోవాలి.

రెండోది, టైమర్ చెడిపోతే ఏమవుతుంది? మన ఊళ్ళో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వాల్వు తెరిచే ఉండిపోతే అర అంగుళం పైపులోంచి నిమిషానికి పది లీటర్లు పోతాయనుకున్నా, గంటన్నరకల్లా 900 లీటర్లు పోతాయి. వెయ్యి లీటర్ల ట్యాంకు దాదాపు ఖాళీ అయినట్టే. కొనేముందు దుకాణదారుణ్ణి అడగాల్సిన ప్రశ్న ఇదే: బ్యాటరీ అయిపోతే, కరెంటు పోతే, వాల్వు మూసుకుంటుందా, తెరిచే ఉంటుందా?

మూడోది, ఏ నీళ్ళు వాడుతున్నారు? 2024 మార్చిలో నీటి కొరత వచ్చినప్పుడు బెంగళూరు జల మండలి తాగునీటిని తోటలకు, కార్లు కడగడానికి వాడకూడదని ఆదేశించి, వాడితే 5,000 రూపాయల జరిమానా అంది. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ అదే ఆదేశం ఇచ్చింది. కాబట్టి జల మండలి తాగునీరిచ్చే కావేరి లైనుకు టైమర్ బిగించే ఆలోచన పక్కన పెట్టేయండి. బోరు నీళ్ళు, వాన నీటి సంపు, అపార్ట్‌మెంటులో శుద్ధి చేసిన మురుగు నీళ్ళు, వీటిలో ఏది ఉంటే దాని చుట్టూ ఏర్పాటు చేసుకోవాలి. బోరు నీళ్ళు గట్టివైతే సున్నం పేరుకుని డ్రిప్పర్లు, వాల్వు లోపలి పొర రెండూ మొరాయిస్తాయి. ఏ రకం టైమర్ తీసుకున్నా 120 మెష్ ఫిల్టర్ (సన్నని జాలి ఉన్న వడపోత) తప్పనిసరి అనుకోండి.

నాలుగోది కరెంటు పాయింటు. మిద్దె మీద వాన తగలని చోట ప్లగ్ ఉందా, లేదా? లేకపోతే బ్యాటరీ రకమే గతి. ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి ప్లాస్టిక్ కవరు చుట్టి నడపడం మాత్రం వద్దు. తడి మిద్దె మీద 230 వోల్టులతో ఆటలొద్దు.

కుళాయికి బిగించే బ్యాటరీ టైమర్

కుళాయి మూతికి బిగించి, రెండు ఏఏ బ్యాటరీలు వేసి, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు అని పెట్టేసే రకం ఇది. వైరింగ్ లేదు, గోడకు రంధ్రాలు లేవు. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళకు దీన్ని మించింది లేదు. ఇల్లు మారేటప్పుడు విప్పి సంచిలో వేసుకుని పోవచ్చు.

బయటికి ఒకేలా కనిపించే ఈ టైమర్లలో రెండు జాతులున్నాయి. పెట్టె మీద చదివేది ఇక్కడే. ఒకదానిలో సోలెనాయిడ్ వాల్వు, అంటే తీగచుట్ట అయస్కాంతంతో పనిచేసే వాల్వు ఉంటుంది. లోపల రబ్బరు పొర తెరుచుకోవాలన్నా మూసుకోవాలన్నా నీటి ఒత్తిడే సాయం చేయాలి, చాలావాటికి కనీసం అర బార్ కావాలి. రెండోదానిలో చిన్న మోటారు బాల్ వాల్వును తిప్పుతుంది. దీనికి ఒత్తిడితో పని లేదు, సున్నా బార్ దగ్గర కూడా తెరుచుకుంటుంది. మిద్దె మీద ట్యాంకు కుళాయికైతే ఈ బాల్ వాల్వు రకమే కొనండి. పెట్టె మీద "0 బార్ నుంచి" అని రాసి ఉంటే అదే అని గుర్తు.

బాల్ వాల్వుకూ ఒక బలహీనత ఉంది. మోటారు సగంలో ఆగిపోతే వాల్వు కూడా సగం తెరుచుకుని అక్కడే ఉండిపోతుంది, తనంతట తాను మూసుకోదు. మంచి కంపెనీ టైమర్లు బ్యాటరీ బలం తగ్గగానే అసలు తెరవడమే మానేస్తాయి. ఆ సౌకర్యం ఉందో లేదో చూసి కొనండి. ఛార్జ్ చేసుకునే బ్యాటరీలు 1.2 వోల్టులే ఇస్తాయి కాబట్టి ఆల్కలైన్ బ్యాటరీలు వేయండి. వారానికి పైగా ఊరెళ్ళేముందు పాతవి బాగానే ఉన్నా కొత్తవి మార్చడం మంచిది.

బిగించే వరుస ఇది: కుళాయి, టైమర్, ఫిల్టర్, ఆ తర్వాత 16 మి.మీ. డ్రిప్ పైపు, దానిలోంచి 4 మి.మీ. ట్యూబులు. కుళాయి మరలకు టెఫ్లాన్ టేపు చుట్టండి, టైమర్ నట్టును చేత్తోనే బిగించండి. స్పానర్ పెట్టి బిగిస్తే ప్లాస్టిక్ మరలు చిట్లుతాయి. టైమర్ కిందికి పైపు బరువు వేలాడకుండా గోడకు ఒక క్లాంపు వేయండి. చాలా టైమర్లు మెడ దగ్గర విరిగేది ఈ బరువుకే.

నలభై కుండీలకు గంటకు 2 లీటర్ల డ్రిప్పర్లు పెడితే గంటకు 80 లీటర్లు, పది నిమిషాలకు 13 లీటర్ల చిల్లర. తోటకూర, గోంగూర కుండీలకు ఉదయం పది నిమిషాలు, ఎండాకాలం సాయంత్రం ఇంకో పది, ఇలా మొదలుపెట్టి మట్టిని వేలితో చూసుకుంటూ సర్దుకోవచ్చు. అయితే మిద్దె ట్యాంకు ఒత్తిడికి ఆ డ్రిప్పర్లు రాసినంత నీళ్ళు ఇవ్వవు. ఒక గ్లాసు పెట్టి నిజంగా ఎంత పడుతోందో కొలిచాకే నిమిషాలు నిర్ణయించండి.

చిన్న పంపు, ప్లగ్ టైమర్

కుళాయే లేని బాల్కనీకి ఇది దారి. ఒక డ్రమ్ములో నీళ్ళు నింపి, కూలర్లలో వాడే 18 వాట్ల పంపును అందులో ముంచి, దాన్ని ప్లగ్ టైమర్‌కు, అంటే పెట్టిన వేళకు కరెంటు ఇచ్చి ఆపే ప్లగ్‌కు కలుపుతారు. అన్నిటికన్నా చవక. నాకు దీనిలో బాగా నచ్చేది భద్రత. ఏం చెడిపోయినా పోయేవి డ్రమ్ములోని నీళ్ళే, ఇంటి ట్యాంకు జోలికి రాదు. వియ్యంకుల ఇంటికి పెళ్ళికని పది రోజులు వెళ్ళేవాళ్ళు నిశ్చింతగా ఉండొచ్చు, డ్రమ్ము పరిమాణం సరిపడా ఉంటే చాలు.

కొనేటప్పుడు మెకానికల్ టైమర్ తీసుకోకండి. చుట్టూ చిన్న పిన్నులు నొక్కే ఆ గుండ్రటి టైమర్లో ఒక్కో పిన్ను 15 నిమిషాలు. ఈ పంపు 15 నిమిషాలు ఆడితే కుండీలు పొంగిపొర్లి కింది ఇంటి బాల్కనీలో పడతాయి. పైగా కరెంటు పోయినప్పుడు దాని గడియారం కూడా ఆగిపోతుంది. మన దగ్గర కరెంటు పోతూ వస్తూ ఉంటే వారం తిరిగేసరికి ఉదయం ఆరింటి నీళ్ళు మధ్యాహ్నం పడతాయి. నిమిషాల్లో సెట్ చేసుకునే, లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ తీసుకోండి.

సైఫన్ గురించి కూడా జాగ్రత్త. డ్రమ్ములో నీటి మట్టం కుండీల కన్నా ఎత్తులో ఉంటే పంపు ఆగినా నీళ్ళు ఆగవు, డ్రమ్ము ఖాళీ అయ్యేదాకా పారుతూనే ఉంటాయి. పైపులో డ్రమ్ము అంచు కన్నా ఎత్తైన చోట ఒక టీ (మూడు మూతుల పైపు జాయింటు) పెట్టి, దాని పై మూతిని గాలికి తెరిచి ఉంచితే సైఫన్ తెగిపోతుంది. లేదా డ్రమ్మును కుండీల కన్నా కింద పెట్టండి.

ఈ పంపు ఆరడుగుల ఎత్తుకు మించి తోయలేదు. ఒత్తిడి తక్కువ కాబట్టి ప్రెషర్ కాంపెన్సేటింగ్ (ఒత్తిడి మారినా ఒకే మోతాదు ఇచ్చేవి) అని రాసిన డ్రిప్పర్లు దీనికి పనికిరావు. 4 మి.మీ. ట్యూబులనే ఒకే పొడవులో కోసి అన్ని కుండీలకూ పెడితే నీళ్ళు ఇంచుమించు సమానంగా పడతాయి.

24 వోల్టుల కంట్రోలర్, సోలెనాయిడ్ వాల్వులు

సొంత ఇల్లు, ముందు పచ్చిక, వెనక కూరగాయల మడులు, మిద్దె మీద కుండీలు, ఇలా మూడు నాలుగు చోట్ల వేర్వేరుగా నీళ్ళు కావాలంటే ఇదే సరైనది. హంటర్, రెయిన్ బర్డ్ లాంటి కంపెనీల కంట్రోలర్లు ఈ కోవలోవి. గోడ మీద పెట్టె, దాని నుంచి ఒక్కో జోన్‌కు (విడిగా నీళ్ళు పెట్టే ఒక్కో భాగానికి) ఒక్కో వాల్వు. ఖర్చు ఎక్కువ, పని కూడా ఎక్కువ. కానీ ఈ వాల్వులు కరెంటు ఉన్నంతసేపే తెరిచి ఉంటాయి. కరెంటు పోయిందా, తీగ తెగిందా, మూసుకుంటాయి. నీటి విలువ తెలిసిన ఊరికి ఈ గుణం ఒక్కటే చాలు, నేను సొంత ఇంటివాళ్ళకు దీన్నే చెబుతాను.

నీళ్ళ లెక్క ముందు చూసుకోవాలి. 15 అడుగుల దూరం చిమ్మే పూర్తి వృత్తం స్ప్రే నాజిల్ ఒక్కటే నిమిషానికి సుమారు 14 లీటర్లు తాగుతుంది. అలాంటివి నాలుగు ఒకేసారి తిరగాలంటే నిమిషానికి 56 లీటర్లు, అదీ 2 బార్ మీద. ఇళ్ళలో ఉండే అర హెచ్‌పి పంపుకు ఇది మోయలేని భారం. అందుకే జోన్లుగా విడగొట్టి ఒకదాని తర్వాత ఒకటి నడపాలి.

వైరింగ్ అనుకున్నంత కష్టం కాదు. కంట్రోలర్లో "సి" అన్న టెర్మినల్ కామన్, అంటే అన్ని వాల్వులకూ ఉమ్మడి. 1, 2, 3, 4 అన్నవి జోన్లు. ప్రతి వాల్వుకూ రెండు తీగలుంటాయి. అన్ని వాల్వుల నుంచీ ఒక్కో తీగ తీసి కలిపి కామన్‌కు ఇవ్వాలి, సాధారణంగా తెల్ల తీగ వాడతారు. మిగిలిన తీగ దాని జోన్ నంబరుకు వెళ్తుంది. ఇది ఏసీ కరెంటు కాబట్టి వాల్వు రెండు తీగల్లో ఏది ఎటైనా ఫరవాలేదు. నాలుగు వాల్వులకు ఐదు కోర్ల కేబుల్ చాలు. అయినా ఆరేడు కోర్లది కొనండి. రేపు ఒక తీగ తెగినా, ఇంకో జోన్ కావాలన్నా గోడ మళ్ళీ తవ్వనక్కర్లేదు. కేబుల్ బెంగళూరు ఎస్.పి. రోడ్డు దుకాణాల్లో మీటర్ల లెక్కన దొరుకుతుంది. వాల్వుల దగ్గర జాయింట్లకు ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేయకండి, జెల్ నింపిన వాటర్‌ప్రూఫ్ కనెక్టర్లు వాడండి. రెండు మూడేళ్ళకు వచ్చే సమస్యల్లో ఎక్కువ భాగం తడిసి తుప్పు పట్టిన జాయింట్లవే.

24 వోల్టుల వైపు ఇంటివాళ్ళే చేసుకోవచ్చు. 230 వోల్టుల వైపు మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. కంట్రోలర్‌కు ప్రత్యేకంగా ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే ఆపే స్విచ్), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్), సరైన ఎర్తింగ్ ఉన్నాయో లేదో దగ్గరుండి చూసుకోండి.

పంపును కంట్రోలర్‌కు నేరుగా కలపకూడదు. "పి/ఎంవి" (పంపు/మాస్టర్ వాల్వు) అన్న టెర్మినల్ నుంచి 24 వోల్టులతో ఒక రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, పనిచేయాలి, ఆ రిలే పంపుకు 230 వోల్టులు ఇవ్వాలి. రిలే కాయిల్ లాగే కరెంటు కంట్రోలర్ పరిమితికి లోపల ఉండాలి. రిలేను కంట్రోలర్ నుంచి కనీసం 15 అడుగుల దూరంలో పెట్టమని హంటర్ సూచన. మీ ఇంట్లో ఇప్పటికే కుళాయి తిప్పగానే తనంతట తాను నడిచే ప్రెషర్ పంపు ఉంటే రిలే అక్కర్లేదు. వాల్వు తెరుచుకోగానే లైన్లో ఒత్తిడి తగ్గి పంపు మొదలవుతుంది. అయితే డ్రిప్ జోన్ మరీ చిన్నదైతే పంపు క్షణానికోసారి ఆగుతూ మొదలవుతూ ఉంటుంది, మోటారు త్వరగా పాడవుతుంది. అప్పుడు చిన్న ప్రెషర్ ట్యాంకు పెట్టండి, లేదా రెండు డ్రిప్ జోన్లను కలిపి ఒకటి చేయండి.

ఒక జోన్ పనిచేయకపోతే ప్లంబర్‌ను పిలిచే ముందు మల్టీమీటర్ పెట్టి చూడండి. కంట్రోలర్ పవర్ ఆపి, ఆ జోన్ తీగను విప్పి, ఆ తీగకూ కామన్ తీగకూ మధ్య రెసిస్టెన్స్ కొలవండి. 20 నుంచి 60 ఓమ్‌ల మధ్య వస్తే కాయిల్ (వాల్వులోని తీగచుట్ట) బాగున్నట్టే. అసలు ఏమీ చూపించకపోతే తీగ తెగింది, సున్నాకు దగ్గరైతే షార్ట్ అయింది. ఇంత తెలిస్తే గోడలు తవ్వే పని తప్పుతుంది.

వైఫై రకాలు

పైన చెప్పిన మూడింటిలోనూ వైఫై రకాలు దొరుకుతాయి. వీటిలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి, మిద్దె మీదికి ఆ సిగ్నల్ అందాలి. ఫోన్లో చూసుకునే సౌకర్యం కోసం డబ్బు పెట్టే ముందు, నెట్ లేనప్పుడు కూడా షెడ్యూల్ టైమర్ లోపలే నడుస్తుందా అని తేల్చుకోండి. నెట్ పోగానే మొక్కలకు నీళ్ళు ఆగిపోతే టెన్షన్ తగ్గకపోగా పెరుగుతుంది. స్మార్ట్ ప్లగ్ వాడేవాళ్ళు యాప్‌లో "కరెంటు తిరిగొచ్చాక ఆఫ్" అన్న సెట్టింగ్ పెట్టుకోవాలి. లేకపోతే పంపు నడుస్తుండగా కరెంటు పోయి వచ్చినప్పుడు మళ్ళీ ఆన్ అయి, ఆపేవాళ్ళు లేక అలాగే నడుస్తుంది.

ఒకచోట పెట్టి చూస్తే

| | కుళాయి టైమర్, బాల్ వాల్వు | కుళాయి టైమర్, సోలెనాయిడ్ | డ్రమ్ము పంపు, ప్లగ్ టైమర్ | 24 వోల్టుల కంట్రోలర్ |
|---|---|---|---|---|
| ట్యాంకు పక్క మిద్దె కుళాయి | సరిపోతుంది | పనిచేయదు | కుళాయితో పని లేదు | పంపు ఉంటేనే |
| స్ప్రింక్లర్ | ప్రెషర్ లైనుంటే చిన్నవి | ప్రెషర్ లైనుంటే చిన్నవి | కుదరదు | కుదురుతుంది |
| కరెంటు | అక్కర్లేదు | అక్కర్లేదు | కావాలి | కావాలి |
| చెడితే | తెరిచి ఉండిపోవచ్చు | తెరిచి ఉండిపోవచ్చు | డ్రమ్ము వరకే నష్టం | కరెంటు పోతే మూసుకుంటుంది |
| ఖర్చు | మధ్యస్థం | మధ్యస్థం | తక్కువ | ఎక్కువ |
| ఇల్లు మారితే | తీసుకుపోవచ్చు | తీసుకుపోవచ్చు | తీసుకుపోవచ్చు | కష్టం |

మీరు ఏ కోవలోకి వస్తారు?

అద్దె ఫ్లాటు, కుళాయి లేని బాల్కనీలో ఓ పాతిక కుండీలు ఉంటే డ్రమ్ము పంపు. బాల్కనీలో కుళాయి ఉండి, అందులో కావేరి నీళ్ళు కాకుండా వేరే నీళ్ళు వస్తుంటే కుళాయి టైమర్. సొంత ఇంటి మిద్దె మీద ట్యాంకు కుళాయితో కూరగాయలు పెంచేవాళ్ళకు బాల్ వాల్వు టైమర్. దానితోపాటు తోటకు వేరే చిన్న ట్యాంకు పెట్టుకోగలిగితే మరీ మంచిది. టైమర్ మొరాయించినా ఇంటి నీళ్ళు మిగులుతాయి. పచ్చిక ఉన్న సొంత ఇంటికి కంట్రోలరే, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండే ఇంట్లో యాప్‌లు వద్దు. అమ్మకో మామయ్యకో ఫోన్లో పాస్‌వర్డ్ చెప్పి టైమర్ ఆపించడం అయ్యే పని కాదు. చేత్తో నొక్కగానే ఆగే బటన్ ఉన్నది పెట్టండి. టైమర్‌కు ముందు ఒక మామూలు బాల్ వాల్వు బిగించి, దానికి ఎర్ర టేపు చుట్టి, "నీళ్ళు ఆగకపోతే ఇది తిప్పు" అని చూపించి రండి.

అపార్ట్‌మెంటులో శుద్ధి చేసిన మురుగు నీళ్ళు వాడేవాళ్ళు స్ప్రింక్లర్ మానుకోవాలి. ఆ నీటి తుంపరలు గాలిలో తేలి పిల్లల ముక్కుల్లోకి, నోట్లోకి వెళ్తాయి. మట్టిలోకే నీళ్ళు దింపే డ్రిప్ వాడండి. ఫిల్టర్‌ను వారానికోసారి కడగండి. పచ్చిగా తినే ఆకుకూరలకు ఆ నీళ్ళు పెట్టకండి.

అమెరికాలో ఉన్న అబ్బాయో అమ్మాయో టైమర్ తెస్తానంటే సున్నితంగా వద్దనండి. అక్కడి గోడ కంట్రోలర్లలో చాలావరకు 120 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌తో వస్తాయి, ఇక్కడ 230 వోల్టులకు పెట్టిన క్షణమే కాలిపోతుంది. అక్కడి కుళాయి టైమర్ల మరలు కూడా వేరు. మన ముప్పావు అంగుళం కుళాయికి బిగిస్తే పట్టినట్టే పట్టి కారుతుంటుంది. బ్యాటరీ వాల్వుల కాయిల్‌ను 24 వోల్టుల కంట్రోలర్‌కు కలపడమూ కుదరదు. అవి డీసీ మీద ఒక్క చిన్న పల్స్‌తో పనిచేసే వేరే రకం కాయిళ్ళు.

ఇక వాన సంగతి. బెంగళూరులో ఏప్రిల్, మే నెలల్లోనే మబ్బులు మొదలవుతాయి. ఎక్కువ వాన పడే నెల సెప్టెంబరు. 24 వోల్టుల కంట్రోలర్ ఉన్నవాళ్ళు రెయిన్ సెన్సర్ పెట్టుకోవచ్చు. సెన్సర్ టెర్మినళ్ళ మధ్య ఉండే చిన్న జంపర్ తీగను తీసేసి అక్కడ సెన్సర్ రెండు తీగలు బిగిస్తే చాలు. మిగతా టైమర్లలో రెయిన్ డిలే బటన్ ఉందేమో చూడండి, ఒకటి రెండు రోజులు నీళ్ళు ఆపడానికి అది పనికొస్తుంది. స్లాబు కింద, బాల్కనీ లోపల ఉన్న కుండీలకు మాత్రం ఎంత వాన పడినా చుక్క తగలదు. సెన్సర్ వాటి నీళ్ళు కూడా ఆపేస్తే జోరు వానల్లోనే తులసి, కరివేపాకు ఎండిపోతాయి. ఆ కుండీలను వేరే జోన్‌లో పెట్టి, ఆ జోన్‌కు సెన్సర్ వర్తించకుండా సెట్ చేయండి. కంట్రోలర్లో ఆ వీలు లేకపోతే వాటికి విడిగా ఒక బ్యాటరీ టైమర్ పెట్టండి.